ఓపీ గది బయటి బెంచీ దగ్గర మొదలుపెట్టండి: మెడికల్ అఫైర్స్ ప్లాన్ రాసే పద్ధతి

పోయిన ఏప్రిల్‌లో మా టీమ్‌లోకి ఫార్మ్‌డీ చదివిన ఒకమ్మాయి వచ్చింది. రెండో రోజే నా టేబుల్ దగ్గరికొచ్చి, "మేడమ్, స్ట్రాటజీ డాక్యుమెంటుకి టెంప్లేట్ ఉంటే పంపుతారా? వచ్చే వారంలోగా నింపి ఇచ్చేస్తాను" అంది. నేను పంపలేదు. రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి చేతిలో పెట్టి విజయనగరం బస్సెక్కమన్నాను. అక్కడ నాకు తెలిసిన నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు, ఒకాయన ఉన్నారు. ఆయన అనుమతితో, పేషెంట్ల పేర్లు గానీ ఊళ్లు గానీ రాసుకోకుండా, ఓపీ బయట బెంచీ మీద పది రోజులు కూర్చుని చూసి రమ్మన్నాను.

నాకూ మొదట్లో ఎవరూ ఇలా చెప్పలేదు. ఎండీ ఫార్మకాలజీ చేసి, కొన్నాళ్లు మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పి, పద్నాలుగేళ్ల కింద హైదరాబాదులో మందుల కంపెనీలో చేరాను. నా మొదటి ప్లాన్ నలభై ఎనిమిది స్లైడ్లు. అందులో డాక్టర్ల సంఖ్య ఉంది, మీటింగుల సంఖ్య ఉంది, కాన్ఫరెన్సుల క్యాలెండరు ఉంది. పేషెంటు ఒక్క స్లైడులోనూ లేడు. ఒక పెద్ద డాక్టరుగారికి చూపిస్తే చివరిదాకా ఓపిగ్గా చూసి, "అమ్మా, ఇదంతా జరిగాక ఏ పేషెంటుకి ఏం మారుతుంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఎవరి ప్లాన్ చూసినా నేను మొదట అడిగే ప్రశ్న అదే.

ఈ రంగానికి కొత్తగా వస్తున్నవాళ్లకి ఒక మాట. కంపెనీలో మందు తయారుచేసేవాళ్లు ఉంటారు, అమ్మేవాళ్లు ఉంటారు. ఆ మందు గురించి ఏం రుజువైంది, ఏం కాలేదు, ఎవరికి మేలు, ఎవరికి ప్రమాదం అన్నది డాక్టర్లతో ఉన్నదున్నట్టు మాట్లాడి, వాళ్ల దగ్గర విన్నది కంపెనీకి మోసుకొచ్చేవాళ్లం మేం, మెడికల్ అఫైర్స్ వాళ్లం. 1967లో అమెరికాలో అప్‌జాన్ కంపెనీ మెడికల్ సైన్స్ లయజాన్ అనే ఉద్యోగాన్ని మొదలుపెట్టింది. మనం ఎంఎస్‌ఎల్ అంటున్నది దాన్నే.

మందు ఒకటి ఎదురుగా పెట్టుకుందాం

గాల్లో చెబితే ఈ పని అర్థం కాదు. డాపాగ్లిఫ్లోజిన్ తీసుకుందాం. 10 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకొకటి. షుగర్ మందుగా వచ్చింది. 2019లో డాపా-హెచ్‌ఎఫ్ ట్రయల్లో 4,744 మంది హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లలో, షుగర్ ఉన్నా లేకపోయినా మేలు కనిపించింది. 2020లో డాపా-సీకేడీ వచ్చింది. అందులో 4,304 మంది కిడ్నీ పేషెంట్లు. మూడింట రెండొంతుల మందికి షుగర్ ఉంది, మిగతావాళ్లకి లేదు. కిడ్నీ బాగా దెబ్బతినడం, డయాలసిస్ దాకా రావడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడం వీటన్నిటినీ కలిపి చూస్తే, మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో 14.5 శాతం, మందు వేసుకున్నవాళ్లలో 9.2 శాతం. అంటే సుమారు రెండేళ్ల ఐదు నెలల పాటు 19 మందికి ఇస్తే ఒకరిని ఆ గండం నుంచి తప్పించినట్టు. లాభం ఎంత తేటగా ఉందంటే ట్రయల్‌ని అనుకున్న గడువుకన్నా ముందే ఆపేశారు.

మన దేశంలో ఈ మందు పేటెంటు 2020 అక్టోబరులో ముగిసింది. ఆ వెంటనే పదుల సంఖ్యలో కంపెనీలు తీసుకొచ్చాయి, ధర బాగా దిగింది. అన్ని అట్టల్లోనూ ఉన్నది ఒకే మందు అయినప్పుడు ఇక మెడికల్ టీమ్ చేసేదేముంది అని మా ఫైనాన్సు వాళ్లే ఒకసారి అడిగారు. నా లెక్కలో అసలు పని అప్పుడే మొదలైంది. మందు దేశంలో ఉంది, ధర అందుబాటులో ఉంది, రుజువు ఉంది. అయినా కావలసిన మనిషికి అందట్లేదంటే దారిలో ఎక్కడో అడ్డు పడింది. ఆ అడ్డు ఎక్కడుందో కనిపెట్టడమే స్ట్రాటజీ.

బెంచీ మీద ఏం రాసుకోవాలి

పది రోజులంటే పది రోజులు కూర్చోవాలి. మొదటి రెండు రోజులు ఏమీ తెలియదు. మూడో రోజు నుంచి ఒకే విషయం పదేపదే కనిపిస్తుంది. అప్పుడు పెన్ను తీయాలి.

పేషెంటు చేతిలో ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. ఏళ్ల నాటి రిపోర్టులన్నీ అందులోనే. వాటిలో ఏ పరీక్షలున్నాయో, ఏవి లేవో చూడండి, డాక్టరుగారూ పేషెంటూ ఒప్పుకుంటేనే. మా అమ్మాయి చూసిన కవర్లలో క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష, ప్రతి దాంట్లోనూ ఉంది. యూఏసీఆర్, అంటే మూత్రంలో క్రియాటినిన్‌తో పోలిస్తే అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత ఉందో చెప్పే పరీక్ష, చాలా కవర్లలో ఒక్కసారి కూడా లేదు. షుగర్ ఉన్నవాళ్లకి ఏడాదికి ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించాలని గైడ్‌లైన్లు చెబుతూనే ఉన్నాయి. కిడ్నీ దెబ్బతినడం మొదలైన కొత్తల్లో క్రియాటినిన్ మామూలుగానే ఉండొచ్చు, అల్బుమిన్ ముందే బయటపడుతుంది. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని తేల్చింది. వాళ్లలో ఎంతమంది కవర్లో ఆ ఒక్క కాగితం లేదో తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

ఎందుకు చేయించట్లేదు? ఆఫీసులో కూర్చుంటే 'అవగాహన లోపం' అని రాసేస్తాం. బెంచీ మీద కూర్చుంటే వేరే కారణాలు కనపడతాయి. యూరిన్ పరీక్షలో 'అల్బుమిన్ నిల్' అని వచ్చింది కదా, మళ్లీ ఇంకోటెందుకు అని ఒక ఫిజీషియన్ అడిగారట. స్ట్రిప్‌తో చేసే ఆ పరీక్షకి కొద్దిపాటి అల్బుమిన్ దొరకదు. ఇంకొక చోట ల్యాబ్ వాళ్లు ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి తెమ్మన్నారు. కూలికెళ్లే మనిషి క్యాను పట్టుకుని ఎక్కడికి పోతాడు? యూఏసీఆర్‌కి ఒక్కసారి పట్టిన మూత్రం చాలు, తెల్లవారి మొదటిదైతే ఇంకా మంచిది. జ్వరం ఉన్నా, యూరిన్ ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఎక్కువ చూపించొచ్చు కాబట్టి ఒక్క రిపోర్టుతో తేల్చేయకూడదు, మళ్లీ చేయించాలి. ఈ నాలుగు ముక్కలు ల్యాబ్ టెక్నీషియన్‌కి చెప్పే మనిషి లేడు. మా పాత ప్లాన్లలో ల్యాబ్ టెక్నీషియన్ అనే మాటే లేదు.

ఇంతకన్నా పెద్ద సంగతి మెడికల్ షాపు దగ్గర దొరికింది. షుగర్ లేని కిడ్నీ పేషెంటుకి డాక్టరుగారు డాపాగ్లిఫ్లోజిన్ రాశారు. షాపులో కుర్రాడు అట్ట ఇస్తూ, "ఇది షుగర్ మాత్ర కదా, మీకు షుగర్ ఎప్పట్నుంచి?" అన్నాడు. ఆ మనిషి ఇంటికెళ్లి మాత్ర పక్కన పెట్టేశాడు. "షుగర్ లేనోడికి షుగర్ మాత్రెందుకు, ఉన్న షుగర్ పడిపోద్ది" అని పక్కింటాయన కూడా చెప్పాడట. మూడు నెలల తర్వాత వచ్చి చెబితే గానీ డాక్టరుగారికి తెలియలేదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. రాసిన బ్రాండు లేకపోతే 'దాదాపు అదే' అని మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర అంటగట్టే షాపులున్నాయి. ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ రక్తాన్ని ఎంత వడకడుతోందో చెప్పే అంకె, బాగా పడిపోయిన కిడ్నీ పేషెంటుకి మెట్‌ఫార్మిన్ ఇవ్వకూడదు. వంద స్లైడ్లు చదివినా ఈ సంగతి తెలియదు.

మూడు గడుల కాగితం

తిరిగొచ్చాక పెద్ద డ్రాయింగ్ షీటు ఒకటి పరవండి. మూడు గడులు గీయండి. మొదటిది: రుజువైంది, చేస్తున్నారు. రెండోది: రుజువైంది, చేయట్లేదు. మూడోది: ఇంకా రుజువు కాలేదు. మందు గురించి తెలిసిన ప్రతి సంగతీ ఈ మూడింట్లో ఒకదాంట్లోకి వెళ్లాలి. మొదటి గడిలో పడినవాటి మీద డబ్బు పెట్టకండి. రెండో గడిలో మీ ఫీల్డ్ పని ఉంది. మూడో గడిలో మీ పరిశోధన ఉంది, అదే మీ నోరు అదుపులో పెట్టుకోవాల్సిన చోటు కూడా.

గడులు నింపాలంటే ట్రయల్ పేపరు సారాంశం చదివితే చాలదు. ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని వద్దన్నారు అన్న పేజీ చదవాలి. నేను జూనియర్లతో ఆ పేజీ గట్టిగా చదివిస్తాను. డాపా-సీకేడీలో చేరాలంటే ఈజీఎఫ్‌ఆర్ 25 నుంచి 75 మధ్య, యూఏసీఆర్ 200 నుంచి 5,000 మధ్య ఉండాలి. టైప్ 1 డయాబెటిస్, పాలిసిస్టిక్ కిడ్నీ, లూపస్ నెఫ్రైటిస్ ఉన్నవాళ్లని తీసుకోలేదు. ఇప్పుడు మీ ఓపీలో బెంచీ మీద కూర్చున్నవాళ్లని ఒక్కొక్కరిని ఈ తలుపు ముందు నిలబెట్టండి. ఎవరు లోపలికి వెళ్తారు, ఎవరు బయటే ఉండిపోతారు?

ఇది నాకు ఉత్త లెక్క కాదు. మా ఊరు సోంపేట దగ్గర. సోంపేటతో పాటు ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస కలిపితే ఉద్దానం. కొబ్బరి తోటలు, జీడి తోటలు. మా మావయ్యకి షుగర్ లేదు, బీపీ లేదు, బీడీ కూడా ముట్టేవాడు కాదు. తోటలో పనిచేసుకునే మనిషి. ఊళ్లో పెట్టిన క్యాంపులో క్రియాటినిన్ పెరిగిందని తెలిసింది. తర్వాత ఆరేళ్లు. డయాలసిస్ కోసం విశాఖ తిరిగి తిరిగి అలిసిపోయి వెళ్లిపోయాడు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. ఆయన అది చూడలేదు.

ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఆ జబ్బు తీరు మాత్రం డాక్టర్లకి తెలుసు. కిడ్నీలో గొట్టాల భాగం దెబ్బతింటుంది, మూత్రంలో అల్బుమిన్ తక్కువగా పోతుంది లేదా అసలే పోదు. ఇప్పుడు పైన చెప్పిన తలుపు గుర్తుకు తెచ్చుకోండి. యూఏసీఆర్ 200 దాటితేనే ప్రవేశం. మా మావయ్యలాంటి మనిషి ఆ ట్రయల్లో లేడు.

ఇదివరకు నేను పనిచేసిన ఒక కంపెనీలో, బ్రాండ్ టీమ్ మీటింగులో ఒకాయన, "శ్రీకాకుళం జిల్లాలో ఇంతమంది కిడ్నీ పేషెంట్లున్నారు, మనకిది పెద్ద అవకాశం, ఉద్దానం క్యాంపెయిన్ చేద్దాం" అన్నారు. ట్రయల్ పేపరు తీసి ఆ పేజీ చూపించాను. "అదే జబ్బు కదండీ, కిడ్నీయే కదా" అన్నారు. కాదని రాతపూర్వకంగా ఇచ్చాను. క్యాంపెయిన్ ఆగింది. ఆ ఏడాది నాకు మంచి రేటింగ్ రాలేదు. అయినా ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర దాచుకున్నాను. మెడికల్ టీమ్ ఉన్నదే ఆ ఉత్తరం రాయడానికి.

తర్వాత ఎంపా-కిడ్నీ ట్రయల్ వచ్చింది. 6,609 మంది. ఈజీఎఫ్‌ఆర్ 20 నుంచి 45 మధ్య ఉంటే అల్బుమిన్ ఎంతున్నా చేర్చుకున్నారు. మూడో గడిలో ఉన్నది రెండో గడిలోకి జరుగుతుందేమోనని ఆశగా చదివాను. మొత్తంగా మేలు ఉంది. అల్బుమిన్ తక్కువున్నవాళ్లలో మాత్రం ప్రధాన ఫలితం అంత తేటగా లేదు, కిడ్నీ పనితీరు తగ్గే వేగం మాత్రం నెమ్మదించింది. పైగా అది ఎంపాగ్లిఫ్లోజిన్, మన మందు కాదు. ఒకే కుటుంబం మందులైనా ఒకదాని రుజువుని ఇంకోదాని అట్ట మీద రాయకూడదు. కాబట్టి ఆ కాగితం మూడో గడిలోనే ఉంది, పక్కన పెన్సిల్‌తో చిన్న నోటు మాత్రం చేరింది.

ఇంకో జాగ్రత్త. పెద్ద కంపెనీ మందుకి వచ్చిన ఇండికేషన్లన్నీ, అంటే ఏయే జబ్బులకి వాడొచ్చన్న అనుమతులన్నీ, మీ జెనరిక్‌కి కూడా ఉన్నాయని అనుకోకండి. మీ కంపెనీకి వచ్చిన అనుమతి పత్రం తెప్పించుకుని, అందులో ఏ జబ్బుకి అని రాసుందో అక్షరం అక్షరం చదవండి. ఈ పని రెగ్యులేటరీ వాళ్లకి వదిలేసి చిక్కుల్లో పడినవాళ్లని చూశాను.

లక్ష్యం ఒక్క వాక్యంలో రావాలి

రెండో గడిలో పది సంగతులుంటాయి. రెండు తీసుకోండి. మూడోది తీసుకుంటే మూడూ సగంలో ఆగిపోతాయి.

'నెఫ్రాలజిస్టులతో సంబంధాలు బలపరచడం' లక్ష్యం కాదు. 'సైంటిఫిక్ నాయకత్వం' అంతకన్నా కాదు. ఆ వాక్యంలో ఎవరు, ఏం, ఎక్కడ, ఎప్పటికి అన్నవి ఉండాలి. మేం ఈ ఏడాది రాసుకున్నవి రెండు. ఒకటి: శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో మేం కలిసే ఫిజీషియన్లు వచ్చే మార్చిలోగా షుగర్ పేషెంట్లకి యూఏసీఆర్ రాయడం అలవాటు చేసుకోవాలి. రెండు: షుగర్ లేని పేషెంటుకి ఈ మాత్ర రాసినప్పుడు ఎందుకు రాశారో ఆ పేషెంటుకీ, మాత్ర ఇచ్చే షాపు మనిషికీ తెలిసి ఉండాలి. మొదటిదాంట్లో మా మందు పేరే లేదని గమనించండి. అల్బుమిన్ పరీక్ష జరిగితే ఏ కంపెనీ మందైనా సరైన మనిషికి చేరుతుంది. అమ్మకాల వాళ్లు దీని మీద అడుగుతారు. అడగనివ్వండి, ఓపిగ్గా చెప్పండి.

భద్రత అనుబంధం కాదు

చాలా ప్లాన్లలో సేఫ్టీ చివరి స్లైడు. నేను లక్ష్యాల పక్కనే పెడతాను.

ఈ మందు విషయంలో అందరూ తెలుసుకోవాల్సిన ప్రమాదం కీటోఅసిడోసిస్, అంటే ఒంట్లో కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారడం. మామూలుగా అది వస్తే షుగర్ మూడొందలు, నాలుగొందలు ఉంటుంది. ఈ మందు వేసుకునేవాళ్లలో షుగర్ దాదాపు మామూలుగా ఉండగానే రావొచ్చు. 2015లోనే అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో వచ్చిన మనిషికి గ్లూకోమీటరులో 180 చూసి 'షుగర్ బాగానే ఉంది' అని పంపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. తిండి సరిగ్గా తినలేని రోజున, వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజున డాక్టరుకి ఫోన్ చేసి మాత్ర ఆపాలి. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే మూడు రోజుల ముందు ఆపాలి.

గైడ్‌లైను ఇక్కడితో ఆగుతుంది. మీ ప్లాన్ ఆగకూడదు. మన దగ్గర తిండి మానే రోజులెన్ని! కార్తీక సోమవారాలు, ఏకాదశులు, రంజాన్ నెల, అయ్యప్ప మాలలో ఒంటిపూట భోజనం. అందుకే మా ఎంఎస్‌ఎల్‌లు ఫిజీషియన్లతో ఈ మాట మాట్లాడేది రంజాన్‌కి ముందు నెలలో ఒకసారి, కార్తీకం, అయ్యప్ప మాలల కోసం అక్టోబరు చివర్లో ఇంకోసారి. మే నెల ఎండల్లో, ఒంట్లో నీరు మూత్రంగా పోయే మందులు కూడా వాడుతున్న పెద్దవాళ్ల సంగతి వేరే చెప్పాలి. క్యాలెండరు కాన్ఫరెన్సులని బట్టి కాదు, పేషెంటు ఏడాదిని బట్టి వేయాలి.

మర్మాంగాల దగ్గర ఫంగల్ ఇన్‌ఫెక్షన్ ఈ మందుతో తరచుగా వచ్చేదే, తగ్గిపోయేదే. ఆడవాళ్లు మాత్రం చెప్పరు. దురద భరించలేక మాత్ర మానేసి, డాక్టరు దగ్గర 'వేసుకుంటున్నా' అంటారు. మా టీమ్‌లో ఇద్దరు ఆడపిల్లలు ఉండాలని నేను పట్టుబట్టింది ఇందుకే. నర్సులతో, షాపుల్లో పనిచేసే మహిళా ఫార్మసిస్టులతో వాళ్లు మాట్లాడితే బయటపడినన్ని సంగతులు రిపోర్టుల్లో ఎన్నడూ రాలేదు.

ఇంకొకటి. మందు మొదలుపెట్టిన కొత్తల్లో ఈజీఎఫ్‌ఆర్ కొంచెం దిగుతుంది. డాక్టరు కంగారుపడి ఆపేస్తారు. సాధారణంగా ఆపాల్సిన పనిలేదు, కొద్ది వారాల్లో కుదురుకుంటుంది. మరీ ఎక్కువ దిగితే మాత్రం వేరే కారణం వెతకాలి. ఈ ఒక్క సంగతి ముందే చెప్పి ఉంటే మందు కొనసాగే పేషెంట్లు ఎందరో ఉన్నారు.

ఫీల్డులో ఎవరు ఏ దుష్ప్రభావం విన్నా, డ్రైవరు విన్నా సరే, 24 గంటల్లో ఫార్మకోవిజిలెన్స్ టీమ్‌కి, అంటే మందుల దుష్ప్రభావాలు చూసేవాళ్లకి, చేరాలన్నది మా నియమం. డాక్టర్లు, పేషెంట్లు నేరుగా చెప్పుకోవడానికి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే పీవీపీఐ, అంటే దేశవ్యాప్త ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం, ఉంది, టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. మా కరపత్రాల్లో కంపెనీ నంబరు కన్నా పైన ఈ నంబరు వేస్తాం.

అమ్మకాలకీ మనకీ మధ్య గోడ

గోడ ఉండాలి, గోడకి కిటికీ కూడా ఉండాలి. ఎంఎస్‌ఎల్ జీతంలో ఒక్క రూపాయి కూడా అమ్మకాల మీద ఆధారపడకూడదు. రెప్‌తో కలిసి డాక్టరు గదిలోకి వెళ్లకూడదు. అనుమతి లేని వాడకం గురించి డాక్టరు తనంతట తాను అడిగితేనే జవాబు, అదీ రాతపూర్వకంగా, లేబుల్‌లో లేదని మొదటి వాక్యంలోనే చెబుతూ.

2024 మార్చి 12న కేంద్ర ఫార్మాస్యూటికల్స్ విభాగం యూసీపీఎంపీ 2024, అంటే మందుల ప్రచారం ఎలా చేయాలో చెప్పే నియమావళి, ఇచ్చింది. దాన్ని కంప్లయన్స్ వాళ్ల కాగితమని పక్కన పెట్టకండి. షరతు చెప్పకుండా మందుని 'సురక్షితం' అనకూడదు. మన దేశంలో ఏడాది దాటి దొరుకుతున్న మందుని 'కొత్త' అనకూడదు. ఒక డాక్టరుకి ఒక మందు శాంపిళ్లు ఏడాదికి 12 ప్యాకులకి మించకూడదు. డాక్టర్లకీ, వాళ్ల ఇంటివాళ్లకీ కానుకలు ఇవ్వకూడదు. బ్రాండ్ వాళ్లు తయారుచేసే ప్రతి కాగితం మీద మెడికల్ సంతకం ఉంటుంది కాబట్టి తప్పు జరిగితే ఆ సంతకం మీదే. నేను సంతకం పెట్టేముందు ప్రతి వాక్యం పక్కన ఏ పేపరు, ఏ పట్టిక అని పెన్సిల్‌తో రాస్తాను. రాయలేకపోతే వాక్యం కొట్టేస్తాను.

అడ్వైజరీ బోర్డు, అంటే కంపెనీ డాక్టర్లని పిలిచి సలహా అడిగే సమావేశం, దాని గురించి కటువుగా చెబుతాను. నేను చూసిన ఒక బోర్డులో డాక్టర్లు రాకముందే 'తీర్మానాలు' టైపు చేసి ఉన్నాయి. అది సలహా అడగడం కాదు, డబ్బిచ్చి చప్పట్లు కొట్టించుకోవడం. అలాంటి చోట కూర్చోకండి. బోర్డు పెట్టాలంటే ముందు మీకు నిజంగా జవాబు తెలియని ప్రశ్న ఉండాలి. ఎనిమిది మంది చాలు. అందరూ పెద్ద ఆసుపత్రుల ప్రొఫెసర్లే కాకుండా, పార్వతీపురంలో రోజూ ఓపీ చూసే ఫిజీషియన్, డయాలసిస్ టెక్నీషియన్, మెడికల్ షాపు ఫార్మసిస్టు కూడా ఉండాలి. తెలుగులో మాట్లాడనివ్వండి. ఇంగ్లీషులో నడిపినప్పుడు నోరు విప్పని ఫార్మసిస్టు, తెలుగులోకి మారగానే అరగంట మాట్లాడాడు.

రుజువు పోగేయడం

మూడో గడి కోసం పరిశోధన పెట్టుకుంటే చిన్నదిగా, నిజాయితీగా పెట్టుకోండి. 'సర్వే' పేరుతో మందు రాయించే పనులు చేయకండి. మేం ఎంచుకున్నది సాదా ప్రశ్న: ల్యాబ్ టెక్నీషియన్లకీ ఫిజీషియన్లకీ శిక్షణ ఇచ్చాక యూఏసీఆర్ పరీక్షలు పెరుగుతాయా? రికార్డులు చూసే పనైనా ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకున్నాం. మందు ఇచ్చి చూసే ట్రయల్ అయితే మొదటి పేషెంటుని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో, అంటే మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీలో, నమోదు చేయాలి. కమిటీ అనుమతికి నెలలు పడుతుంది, అది ముందే లెక్కలో వేసుకోండి. ఫలితం మనకి అనుకూలంగా రాకపోయినా ప్రచురిస్తామని ఒప్పందంలో మొదటే రాసుకోండి. రాయని డాక్టరు పేరు పేపరు మీద పెట్టకండి, రాసిన మా ఉద్యోగి పేరు దాచకండి.

బడ్జెట్ గురించి ఎక్కువ చెప్పను. జనాలకి, ప్రయాణాలకి ముందు పెట్టండి, హోటల్ హాళ్లకి చివర.

కరపత్రం మాత్రం మీరే రాయండి, ఏజెన్సీకి ఇవ్వకండి. మాకు ఒకసారి ఏజెన్సీ వాళ్లు 'మూత్రపిండాల దీర్ఘకాలిక వ్యాధి యందు' అని రాసి పంపారు. కిడ్నీ అంటే అందరికీ తెలుసు. 'మూత్రంలో నురగ వస్తుందా' అంటే వెంటనే అర్థమవుతుంది. రాసినదాన్ని ఐదుగురు పేషెంట్లకి చదివి వినిపించి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పించుకోండి. తప్పుగా చెబితే తప్పు కాగితానిది.

ఏం లెక్కపెట్టాలి

ఎన్ని మీటింగులు అన్నది లెక్కపెట్టడం సులువు, దాన్నుంచి తెలిసేదేమీ లేదు. నేను మూడు చూస్తాను. ఒప్పుకున్న ల్యాబుల్లో నెలకి ఎన్ని యూఏసీఆర్‌లు జరిగాయి, పేర్లు లేకుండా. డాక్టరు అడిగిన ప్రశ్నకి జవాబు ఎన్ని రోజుల్లో వెళ్లింది. ఫీల్డు నుంచి వచ్చిన సంగతుల్లో ఎన్నింటి వల్ల మా ప్లాన్‌లో ఏదైనా మారింది. మూడోది సున్నా అయితే మేం వినట్లేదని అర్థం, ఎంఎస్‌ఎల్‌ని కాదు, నన్ను నేను ప్రశ్నించుకుంటాను.

జూలైలో, అక్టోబరులో, జనవరిలో డ్రాయింగ్ షీటు మళ్లీ పరుస్తాం. సంక్రాంతి వారం మాత్రం వదిలేస్తాం, అప్పుడు డాక్టర్లూ ఊళ్లలో ఉండరు, పేషెంట్లూ రారు. బ్రాండ్, ఫార్మకోవిజిలెన్స్, రెగ్యులేటరీ అందరూ ఆ షీటు చుట్టూ నిలబడాలి. ఒక గడి నుంచి ఇంకో గడికి ఏం జరిగిందో, ఎందుకో, ఏ తేదీనో పక్కనే రాస్తాం. పనిచేయనిది కొట్టేస్తాం. పోయినసారి వెబినార్లు కొట్టేశాం.

ఈ జూలైలో షీటు పరిచినప్పుడు రెండో గడిలో అన్నిటికన్నా పైన మా అమ్మాయి నోటుబుక్కులోంచి చింపిన కాగితం అంటించి ఉంది: 'షుగర్ లేనోడికి షుగర్ మాత్రెందుకు?' దానికి జవాబుగా ఆమె కరపత్రం నాలుగోసారి తిరగరాస్తోంది. మొదటి మూడూ విజయనగరం బెంచీ మీద తేలిపోయాయి. వచ్చే సోమవారం సోంపేటలో చదివి వినిపించడానికి టికెట్ తీసుకుంది. నేనూ వెళ్తున్నాను.